కాస్త పక్కకు తిరిగిన పన్ను

చిట్టి చేసేది కట్టుడు పళ్ళు. ఆమె డాక్టరు కాదు. పై అంతస్తులో డాక్టరు నోట్లోకి తొంగి చూసి, అచ్చు తీసి కిందికి పంపిస్తాడు. ఆసుపత్రి అడుగున, కిటికీ అంటూ లేని లేబొరేటరీలో ఆ అచ్చులో సుద్ద పోసి దవడ తయారుచేసి, దవడ మీద మైనం పేర్చి, మైనంలో ఒక్కొక్క పన్నూ గుచ్చి నిలబెట్టేది ఆమె. చిట్టి అన్నది అసలు పేరు కాదు, ఇంట్లో పిలుపు. ఎప్పుడో వాళ్ళ మేనత్త ఆసుపత్రికి ఫోను చేసి "మా చిట్టిని పిలవండి" అంది. ఆ రోజు నుంచి పెద్ద డాక్టరు మొదలుకొని నేల తుడిచే ఆవిడ దాకా అందరికీ ఆమె చిట్టే.

ఆ ఉదయం ఆమె ఎదురుగా స్టూలు మీద ఒక రిటైరైన బస్సు కండక్టరు కూర్చుని ఉన్నాడు. మైనంలో నిలబెట్టిన పళ్ళు అతని నోట్లో పెట్టి, రంగూ వరసా నచ్చాయో లేదో కిందికెళ్ళి చెప్పమని డాక్టరు పంపించాడు. అతను చిన్న అద్దం పట్టుకుని అటు తిరిగీ ఇటు తిరిగీ చూసుకున్నాడు.

"ఇదిగో అమ్మాయ్, ఈ పైపన్ను చూశావా? పక్కకి తిరిగింది."

"తిరగలేదు బాబాయ్. నేనే తిప్పాను."

"బావుంది. ఏరి కోరి వంకర పన్ను పెడతారా ఎవరైనా?"

"గీత గీసినట్టు పెట్టాననుకో, నువ్వు నోరు తెరవడం ఆలస్యం, కట్టుడువని ఊరంతా తెలిసిపోతుంది. పుట్టుకతో వచ్చిన పళ్ళు ఎవరికీ అంత సమంగా ఉండవు. ఒకటి కాస్త తిరిగుంటుంది, ఒకటి కాస్త అరిగుంటుంది. అప్పుడే అవి నీవి అనిపిస్తాయి."

కండక్టరు పళ్ళు తీసి ఆమె చేతిలో పెట్టి, బోసి చిగుళ్ళతో నవ్వాడు. "సరే, నీ ఇష్టం. మా ఆవిడ వంక పెడితే మాత్రం నిన్నే చూపిస్తా."

అతను మెట్లెక్కుతుండగానే ఫోను మోగింది. అవతల భర్త.

"ఏమండీ, మీరు ఖాళీగా ఉన్నారా?"

"లేను. చెప్పు."

"వీసా వాళ్ళు పిలిచారు. ఇద్దరినీ. వేరువేరు గదుల్లో అడుగుతారట."

చిట్టి చేతిలోని మైనం కత్తిని దీపం మంట మీద అలాగే ఉంచేసింది. కత్తి ఎర్రబడింది గానీ ఆమె చూసుకోలేదు.

ఈ మీరు, నువ్వుల సంగతి ఇక్కడే చెప్పేయాలి. అతను వేరే దేశం వాడు. లిఫ్టులు బిగించే కంపెనీ పని మీద ఇక్కడికి వచ్చి, ఈ భాషను ఒక పుస్తకం చూసి నేర్చుకున్నాడు. అందులో అందరినీ 'మీరు' అనమని ఉంది. అతను ఆ మాటకు కట్టుబడిపోయాడు. పెళ్ళానికీ మీరే, పాల ప్యాకెట్లు వేసేవాడికీ మీరే, గోడ మీది పిల్లికీ మీరే. చిట్టికి ఆ ఓపిక లేదు, మొదటి రోజు నుంచీ అతన్ని నువ్వనే అంది. "మొగుడు మీరనడం, ఇది నువ్వనడం. వినేవాళ్ళు నవ్విపోతారే" అని వాళ్ళమ్మ మొదట్లో నెత్తీ నోరూ కొట్టుకుంది. తర్వాత తర్వాత, అల్లుడు "అత్తగారూ, మీరు కూర్చోండి, గిన్నెలు నేను కడుగుతాను" అనడం మొదలుపెట్టాక ఆ గోల మానేసింది.

వాళ్ళు కలిసిందీ లిఫ్టు వల్లే. ఆసుపత్రిలో కొత్త లిఫ్టు పెట్టిన వారంలోనే అది రెండంతస్తుల మధ్య మొరాయించింది. లోపల చిట్టి, ఆమె చేతిలో ట్రే నిండా పాలిషు పెట్టిన పళ్ళ సెట్లు. అతను వచ్చి తలుపు జానెడు తెరిచి, "కంగారు పడకండి, చెయ్యి ఇవ్వండి" అన్నాడు. చిట్టి చెయ్యి ఇవ్వలేదు. ఆ సందులోంచి ట్రే జరిపి, "ముందివి పట్టుకో. తడబడ్డావంటే ఇన్ని నోళ్ళ ఉసురు తగులుతుంది నీకు" అంది. ఆమె బయటపడేదాకా అతను పసిబిడ్డను మోసినట్టు ఆ ట్రేను మోస్తూ నిలబడ్డాడు. తర్వాత లిఫ్టు చెడిపోకపోయినా చూడ్డానికి వస్తూనే ఉన్నాడు. 'ఆ లిఫ్టుకేం రోగం, రోజూ ఈ తనిఖీలేంటి' అని ఆసుపత్రంతా గుసగుసలు పోయింది. రోగం లిఫ్టుకు కాదని ముందుగా కనిపెట్టింది నేల తుడిచే ఆవిడ.

ఇప్పుడు అతని పని ఇక్కడ అయిపోయింది. సొంత ఊళ్ళో అదే కంపెనీలో కుర్చీ వేసి పిలుస్తున్నారు, వచ్చే నెలాఖరుకు చేరాలి. పాపకు తండ్రి దేశం కాయితాలు పుట్టిన కొద్ది రోజులకే వచ్చేశాయి. రావాల్సింది తల్లికే. వీసా రాకపోతే అతను ఒక్కడే విమానం ఎక్కాలి. పాప అతని ఎడమ భుజం మీద తప్ప ఇంకెక్కడా నిద్రపోదు. కుడి భుజం కూడా పనికిరాదు. ఆ భుజం అంత దూరం వెళ్ళిపోతే ఏమవుతుందన్న ఆలోచన వచ్చినప్పుడల్లా చిట్టి ఇంకో ఆలోచనలోకి పారిపోయేది. "అక్కడ మాత్రం ముసలివాళ్ళకు పళ్ళూడవా? నా పని నాకుంటుంది" అని అందరితో ధైర్యంగా అనేది.

ఆమెకు రెండో బెంగ ఒకటి ఉండేది. పాపకు ఏడాది నిండబోతున్నా ఒక్క పన్నూ రాలేదు. "కొందరికి ఆలస్యమవుతుందమ్మా, ఏం పరవాలేదు" అని పిల్లల డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా సరే, చిట్టి పొద్దునా సాయంత్రం చేతులు కడుక్కుని ఆ చిగుళ్ళు తడిమి చూసేది. ఊరందరికీ పళ్ళు పెట్టే మనిషి కూతురు బోసినోరు వేసుకుని తిరుగుతోందని లేబొరేటరీలో ఆటపట్టించేవాళ్ళు. చిట్టి కూడా వాళ్ళతో పాటు నవ్వి, ఇంటికి రాగానే మళ్ళీ తడిమేది.

ఇంటర్వ్యూ కబురు విన్న సాయంత్రమే మేనత్త దిగింది. ఆమె లెక్కల టీచరుగా రిటైరైంది. పరీక్ష తప్పేలా ఉన్న పిల్లలను కూడా గట్టెక్కిస్తుందని పేరు. వంటింటి బల్ల మీది సామాను అంతా పక్కకు నెట్టి, దంపతులిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

"ఇంటర్వ్యూ అంటే ఏంటి? పరీక్ష. ఇద్దరు ఒకే లెక్కకి రెండు జవాబులు రాశారంటే ఒకళ్ళది తప్పు. మీ రెండు జవాబులూ అతికినట్టు ఉండాలి. మొదలెడుతున్నా. మొదటిసారి ఎక్కడ కలిశారు?"

"లిఫ్టులో" అంది చిట్టి.

"లిఫ్టు బయట" అన్నాడు అతను. "లోపల ఉన్నది మీరే. నేను బయట ఉన్నాను."

"ఇదిగో, ఇక్కడే మార్కులు పోయేది. లిఫ్టు దగ్గర. ఇద్దరూ 'లిఫ్టు దగ్గర' అనండి. పెళ్ళి రోజు ఎండా, వానా?"

"వాన."

"ఎండ, అత్తయ్యగారూ."

"ఎండేంటి? రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద నా చెప్పులు తడిసి ముద్దయిపోతేనూ."

"మీరు పూలకుండీల పక్క నుంచి నడిచారు. తోటమాలి అప్పుడే నీళ్ళు పెట్టాడు."

"తోటమాలి నా జుట్టుకి కూడా నీళ్ళు పెట్టాడా?"

"మీరు అప్పుడే తలస్నానం చేసి వచ్చారు కదండీ."

చిట్టి మేనత్త వైపు తిరిగింది. "నువ్వు వచ్చావుగా అత్తా, నువ్వు చెప్పు."

"నాకెక్కడ గుర్తుంటుందే? నేను సంతకాల హడావుడిలో ఉన్నా." అత్త క్షణం ఆలోచించింది. "ఒకళ్ళు వానంటున్నారు, ఒకళ్ళు ఎండంటున్నారు. సగటు తీస్తే చిరుజల్లు. ఇద్దరూ చిరుజల్లు అనండి. తర్వాత. పాప ఏడిస్తే ఎవరు లేస్తారు?"

"నేను" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఇద్దరూ కాదు, నేను" అంది పొయ్యి దగ్గర నుంచి చిట్టి తల్లి, వెనక్కి తిరక్కుండానే.

"నిన్నెవరూ ఇంటర్వ్యూకి పిలవలేదు వదినా" అని అత్త ఆ జవాబు కొట్టేసింది. "వంతులవారీగా. ఏం? వంతులవారీగా లేస్తాం అనండి."

అలా ఆ బల్ల దగ్గర వాళ్ళ కాపురమంతా గైడు పుస్తకంలా తయారైంది. కాఫీలో ఎంత పంచదార, మంచానికి ఏ పక్క ఎవరు, మొదట గొడవ పడింది దేనికి, అన్నింటికీ ఒక్కొక్క జవాబు కుదిరింది. మొదటి గొడవ దేనికన్నదాని మీద వాళ్ళు అక్కడే కొత్తగా గొడవ పడ్డారు గానీ, అత్త ఇద్దరినీ ఆపి 'టీవీ సౌండు' అని ఖాయం చేసింది. రోజూ సాయంత్రం అప్పజెప్పించుకునేది. తడబడితే మళ్ళీ మొదటికి. పాప తండ్రి ఒళ్ళో కూర్చుని బల్ల అంచు కొరుకుతూ అంతా వినేది. "దీనికి కూడా వచ్చేసుంటుంది పాఠం, నోరు రావడమే తక్కువ" అనేది అత్త. వారం తిరిగేసరికి ఇద్దరూ నిద్రలో లేపి అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పే స్థితికి వచ్చారు. అత్త తృప్తిగా తల పంకించింది. "నూటికి నూరు" అంది.

వీసా ఆఫీసు ఒక పాత భవనంలో రెండో అంతస్తులో ఉంది. అతను లిఫ్టు ఎక్కగానే అలవాటుగా చెవి ఒగ్గి, "దీని బేరింగు అరిగింది" అన్నాడు. "ఇవాళ దాని జోలికి పోకు" అంది చిట్టి. పాపను ఎత్తుకుని అత్త హాల్లో కూర్చుంది. పేర్లు పిలిచారు. అతను ఒక గదిలోకి, కాసేపటికి చిట్టి పక్క గదిలోకి వెళ్ళారు.

ఆఫీసరు నడివయసు ఆడమనిషి. ఆ దేశం మనిషే గానీ ఇక్కడి భాష చక్కగా మాట్లాడుతోంది. బల్ల మీద ఒక మెడ వంచే దీపం, ఫైలు, సగం తాగిన టీ ఉన్నాయి. అతన్ని అడగడం అప్పుడే అయిపోయినట్టుంది, అతని జవాబులు ఆ ఫైల్లోనే ఉన్నాయి. ఆమె మర్యాదగానే అడిగింది, చిట్టి ఒక్కటీ తడబడకుండా చెప్పింది.

"మొదట ఎక్కడ కలిశారు?"

"లిఫ్టు దగ్గర."

"పెళ్ళి రోజు వాతావరణం గుర్తుందా?"

"చిరుజల్లు."

"పాప ఏడిస్తే?"

"వంతులవారీగా లేస్తాం."

ఆఫీసరు కలం కింద పెట్టింది.

"మీ ఆయన కూడా వంతులవారీగా అనే అన్నారు. చిరుజల్లు అనే అన్నారు. ఒక్క అక్షరం తేడా లేదు. నేను ఈ కుర్చీలో చాలా ఏళ్ళుగా ఉన్నానమ్మా. నిజంగా కాపురం చేసేవాళ్ళు కాఫీలో పంచదార గురించి కూడా ఒక్క మాట మీద ఉండరు. ఇంత చక్కగా అప్పజెప్పేది వీసా కోసం కుదుర్చుకున్నవాళ్ళే."

పళ్ళ వరస, గీత గీసినట్టు సమంగా పేర్చిన పళ్ళ వరస ఒకటి చిట్టి కళ్ళ ముందు మెదిలింది. బతుకంతా ఊరివాళ్ళకు చెప్పే మాట తనకే తట్టలేదు. ఉన్న పన్నును పీకేసి దాని చోట కట్టుడు పన్ను పెట్టుకుని వచ్చి కూర్చుంది ఇక్కడ.

"మేడమ్, ఆ జవాబులు మావి కావు" అంది. "అంటే మావే, కానీ మా అత్త సరిచేసింది. ఆవిడ లెక్కల టీచరు. ఆ రోజు చిరుజల్లు కాదు, జోరు వాన. ఆయన ఎండంటాడు. రెంటికీ సగటు తీసింది మా అత్త."

ఆఫీసరు పెదవి చివర ఏదో కదిలి ఆగిపోయింది. "మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఒకసారి నేర్చుకుని వచ్చాక, ఇప్పుడు చెప్పేది కూడా నేర్చుకున్నది కాదని నేనెలా నమ్మేది? ఇది మళ్ళీ పరిశీలనకి పంపాల్సి ఉంటుంది. కొన్ని నెలలు పట్టొచ్చు."

కొన్ని నెలలు. చిట్టికి ముందుగా గుర్తొచ్చింది ఆ ఎడమ భుజం.

సరిగ్గా అప్పుడే హాల్లో పాప గుక్కపట్టింది. అది ఆకలి ఏడుపు కాదు, నిద్ర ఏడుపూ కాదు, కొత్త రకం. చిట్టి లేచి తలుపు తీసేసరికి పక్క గదిలోంచి అతనూ వచ్చాడు. అప్పటికే అత్త పాపను ఎత్తుకుని లోపలికి వచ్చేస్తోంది.

"ఏమనుకోకండి మేడమ్, ఊరుకోవడం లేదు. అన్నీ చేశాను, ఎక్కాలు కూడా చదివాను."

ఆఫీసరు సరేనన్నట్టు చెయ్యి ఊపింది. అతను పాపను అందుకుని ఎడమ భుజానికి ఎత్తుకున్నాడు. "ఏమైందండీ? ఎందుకు ఏడుస్తున్నారు మీరు?" అంటూ అలవాటుగా వేలు మడిచి నోటికి అందించాడు. పాప కసుక్కున కొరికింది. అతను ఉలిక్కిపడ్డాడు.

"ఏమండీ."

"ఏంటి?"

"గుచ్చుకుంది."

"ఏం గుచ్చుకుంది?"

"ఏదో ఉంది లోపల. గట్టిగా ఉంది."

చిట్టి ఒక్క అంగలో అతని దగ్గరకు చేరింది. వీసా, నెలలు, ఎదురుగా కూర్చున్న మనిషి, అన్నీ ఎటో ఎగిరిపోయాయి. సంచిలోంచి తడి గుడ్డ తీసి వేలు తుడుచుకుంది.

"వెలుగు చాలడం లేదు. మేడమ్, ఆ దీపం కొంచెం ఇటు తిప్పండి. ఇంకొంచెం. ఆఁ, అక్కడ."

ఆఫీసరు దీపం మెడ వంచి పట్టుకుంది.

"ఉంది" అంది చిట్టి. "కింది చిగురు. మధ్య పన్ను. తెల్లగా అంచు కనిపిస్తోంది."

"మధ్యది కాదు. కాస్త పక్కన."

"పళ్ళు చేసేది నువ్వా, నేనా?"

"కొరికింది నా వేలుని. ఎక్కడ గుచ్చుకుందో నాకు తెలియదా?"

"ముందు ఆ వేలు కడుక్కున్నావా?"

"కడుక్కున్నానండీ."

"ఎక్కడ? ఇంట్లో పొద్దున కడుక్కున్నది. అది లెక్కలోకి రాదు. దారిలో బస్సు కడ్డీ పట్టుకున్నావు, ఇక్కడ ఆ దిక్కుమాలిన లిఫ్టు గోడలు తడిమావు."

"బేరింగు శబ్దం చేస్తోంది, అందుకు తడిమాను. అయినా నిన్న సాయంత్రం మీరే చూశారు కదా, ఏమీ లేదన్నారు. ఉందేమో అని నేను అంటే కొట్టిపారేశారు."

"నువ్వెప్పుడన్నావు?"

"అన్నాను. మీరు జల్లెడ వెతుకుతున్నారు. మీరు దేన్నైనా వెతికేటప్పుడు నా మాట వినరు."

"అవునే, అన్నాడు" అంది అత్త, పాప నోట్లోకి తొంగి చూస్తూ. "నేనూ విన్నా. ఏదీ, నన్ను చూడనీ. ఇంత లేదు గానీ ఎంత పని చేసిందో. వదినకి ఫోను కలపండి ముందు."

పాప ఏడుపు ఆపి, తన నోటి చుట్టూ చేరిన తలల్ని, దీపాన్ని వింతగా చూసింది. తండ్రి వేలును మళ్ళీ పట్టుకుని, ఈసారి తాపీగా, రుచి చూస్తున్నట్టు కొరికింది.

"మీకు పన్ను వచ్చిందండీ" అన్నాడు అతను పాపతో. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పెళ్ళి రోజు వాన పడిందా?" అని వినిపించింది ఎక్కడి నుంచో.

"పడింది" అంది చిట్టి, పాప నోట్లోంచి చూపు తిప్పకుండానే.

"పడలేదు" అన్నాడు అతను, అలాగే.

అప్పుడు తలెత్తి చూశారు. ఆఫీసరు ఇంకా దీపం మెడ పట్టుకునే ఉంది. చిట్టి నోటి మీద చెయ్యి వేసుకుంది. అతను తప్పు జవాబు చెప్పిన పిల్లాడిలా అత్త వైపు చూశాడు. అత్త ముఖం పాలిపోయింది. నేర్పిన పాఠమంతా ఒక్క మాటలో కొట్టుకుపోయింది మరి.

ఆఫీసరు దీపాన్ని నెమ్మదిగా ఫైలు మీదికి తిప్పుకుని, ఏదో రాసుకుంది. "ఇక నేను అడగాల్సింది ఏమీ లేదు. మీరు వెళ్ళొచ్చు" అంది. వాళ్ళు తలుపు దాకా వెళ్ళాక, తలెత్తకుండానే ఇంకో మాట కలిపింది. "లిఫ్టు సంగతి మా వాళ్ళకి చెప్తాను. ఆ శబ్దం నాకూ అనుమానంగానే ఉంది."

వీసా వచ్చిన రోజున చిట్టి లేబొరేటరీలో మైనం కరిగిస్తోంది. పాస్‌పోర్టు ఇంటికి చేరిందని ఫోను చేసింది తల్లి. ఆ తల్లి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, రెండూ కలిసి వచ్చాయి. "అక్కడ గిన్నెలు మాత్రం అల్లుడి చేత తోమించకే. తన ఊళ్ళో పరువు ఉంటుంది పాపం" అంది. "అక్కడే ఎక్కువ తోమిస్తానమ్మా, అడిగేవాళ్ళుండరు" అంది చిట్టి. చుట్టూ ఉన్నవాళ్ళు పనులు ఆపి గోల చేశారు. నేల తుడిచే ఆవిడ చీపురు గోడకు ఆనించి, "నేను ముందే చెప్పానా" అంది, ఏం చెప్పిందో ఎవరికీ గుర్తు లేకపోయినా.

ఆ మధ్యాహ్నమే కండక్టరు కూడా వచ్చాడు, కొత్త పళ్ళతో, కొత్త చొక్కాతో. పెళ్ళాం వంక పెట్టిందా అని అడిగింది చిట్టి.

"వంకా? పన్ను పక్కకి తిరిగిందన్న సంగతే కనిపెట్టలేదు. 'మునుపటిలా ఉన్నావు' అంది. అంతే. ఆ మాట చెప్పిపోదామని వచ్చా."

బయల్దేరే రోజున సామాను కారులోకి ఎక్కించాక, అత్త పాపను చివరిసారి ఎత్తుకుంది. పాప ఆమె కళ్ళజోడు లాగింది, గడ్డం పట్టుకుంది, వేలు నోట్లో పెట్టుకుని కొరికింది. అత్త కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఆ చిన్న నోట్లోకి పరీక్షగా చూసింది.

"ఏమే చిట్టీ, ఈ పన్ను కాస్త పక్కకి తిరిగినట్టుందే?"

చిట్టి ముందుకు వంగి చూసింది. ఆమె వెనక నుంచి అతనూ వంగి చూశాడు.

"తిరగలేదు అత్తయ్యగారూ" అన్నాడు అతను.

"తిరిగింది" అంది చిట్టి. "ఉండనీ అత్తా. బావుంది."

పాపను అందుకుని అతని ఎడమ భుజం మీద పెట్టింది. కారు వీధి మలుపు తిరగకముందే పాప నిద్రపోయింది. వెనక సీట్లో వాళ్ళిద్దరూ, పన్ను తిరిగిందా లేదా అని గొంతు తగ్గించి వాదించుకుంటూనే ఉన్నారు.